సూపర్ మార్కెట్ కట్టిన చోటే మా మైదానం కావాలన్న క్లబ్: సాన్ లొరెన్సో

గడ్డిమైదానం | రాత్రి 9:10

అర్జెంటీనా ఫుట్‌బాల్ అనగానే మన వేదికలో మాటలన్నీ బోకా, రివర్ చుట్టూనే తిరుగుతాయి. ఈ థ్రెడ్ మూడో క్లబ్ కోసం.

బ్యూనస్ ఐరిస్‌లో బొయెదో అనే పేట ఉంది. అక్కడ అవెనీదా లా ప్లాతా రోడ్డు మీద 1916 నుంచి సాన్ లొరెన్సో వాళ్ల స్టేడియం ఉండేది. చెక్క మెట్లు, ఇనుప చట్రం. దూరం నుంచి గ్యాస్ ట్యాంకులా కనబడేదని గాసోమెత్రో అన్నారు. డెబ్భై వేల పైచిలుకు జనం పట్టేవారు. జాతీయ జట్టు కూడా అక్కడ ఎన్నో మ్యాచ్‌లు ఆడింది. 1979 డిసెంబర్ 2న బోకాతో 0-0 డ్రా, అదే చివరి మ్యాచ్. అప్పులు ఒక పక్క, సైనిక ప్రభుత్వం ఒత్తిడి ఇంకో పక్క. స్థలం చేతులు మారింది. 1985 వచ్చేసరికి అక్కడ కారెఫూర్ సూపర్ మార్కెట్ తెరిచారు.

ఇంతవరకూ ఇలాంటి కథలు చాలా ఊళ్లలో వింటాం. విచిత్రం ఆ తర్వాత జరిగింది. అభిమానులు ముప్పై ఏళ్లు పట్టు వదల్లేదు. నగర శాసనసభ చేత చట్టం చేయించారు, చందాలేసుకున్నారు, 2019 జూలై 1న ఆ స్థలాన్ని మళ్లీ స్వాధీనం చేసుకున్నారు.

కాకపోతే స్టేడియం ఇంకా లేవలేదు. పైగా 1993 నుంచీ వాళ్లకు మూడు కిలోమీటర్ల దూరంలో సొంత స్టేడియం ఉండనే ఉంది. మరి ఇదంతా దేనికి? నాకైతే ఇది ఫుట్‌బాల్‌లో జరిగిన గొప్ప పనుల్లో ఒకటి అనిపిస్తుంది. కాదనేవాళ్లు రండి.

లెక్కలమాస్టారు | రాత్రి 9:31

కాదనడానికి నేను వచ్చాను.

ఎక్కువగా చెప్పే లెక్క ఏమిటంటే, క్లబ్ ఆ స్థలాన్ని సుమారు 9 లక్షల డాలర్లకు అమ్మింది. కొన్నేళ్లకే అదే స్థలం కారెఫూర్ చేతికి సుమారు 80 లక్షలకు వెళ్లింది. మోసపోయారు, ఒప్పుకుంటాను. అయితే మోసపోయిన స్థలాన్ని మళ్లీ మార్కెట్ ధర పెట్టి కొనడం రెండోసారి నష్టపోవడం కాదా? ఆ డబ్బు అకాడమీలో పెడితే ఏడాదికి ఇద్దరు ముగ్గురు మంచి కుర్రాళ్లు బయటికొస్తారు. అర్జెంటీనా క్లబ్బులు బతికేదే కుర్రాళ్లను యూరప్‌కి అమ్ముకుని.

కడపకుర్రోడు | రాత్రి 9:40

మాస్టారూ, సొంతూర్లో ఇల్లు పోగొట్టుకున్నోడికి పక్కూర్లో అపార్ట్‌మెంట్ ఉంది కదా అంటే ఎట్లా సార్?

లెక్కలమాస్టారు | రాత్రి 9:44

అపార్ట్‌మెంట్ ఈఎంఐ కట్టలేనివాడు ముందు అది చూసుకోవాలి నాయనా.

దక్షిణార్ధం | రాత్రి 10:22

నేను ఉద్యోగరీత్యా బ్యూనస్ ఐరిస్‌లో ఉంటున్నాను కాబట్టి రెండు మాటలు.

"వేరే స్టేడియం ఉంది కదా" అనేది మ్యాప్ చూసి అనే మాట. నువెవో గాసోమెత్రో, అంటే ఇప్పుడున్నది, బాహో ఫ్లోరెస్ వైపు ఉంది. పక్కనే నగరంలోని పెద్ద బస్తీల్లో ఒకటి. రాత్రి మ్యాచ్ అయితే నా ఆఫీసులో సాన్ లొరెన్సో అభిమానులు కూడా కుటుంబంతో వెళ్లడానికి ఆలోచిస్తారు. బస్తీ మీద జనానికి ఉన్న భయంలో సగం అతిశయోక్తే, అది వేరే సంగతి. బొయెదో అలా కాదు. వీధి మూల కఫేలు, టాంగో పాడిన పేట, గోడల నిండా ఎరుపు నీలం బొమ్మలు. స్టేడియం లేకపోయినా పేట మొత్తం క్లబ్‌దే. మ్యాచ్ జరిగేది ఒకచోట, మ్యాచ్ గురించి మాట్లాడుకునేది ఇంకోచోట. ఈ ఎడబాటు వాళ్లకు 1979 నుంచి ఉంది.

క్లబ్ పుట్టుక కూడా వీధిలోనే. 1907 ప్రాంతంలో అల్మాగ్రో పేట పిల్లలు రోడ్డు మీద ఆడుతుంటే ఒకడు ట్రామ్ కింద పడబోయాడట. అది చూసిన లొరెన్సో మాస్సా అనే సలేసియన్ ఫాదర్, చర్చి పెరట్లో ఆడుకోండి, కానీ ఆదివారం ప్రార్థనకు రావాలి అని షరతు పెట్టాడు. 1908 ఏప్రిల్ 1న క్లబ్ ఏర్పడింది. పిల్లలు ఆయన పేరే పెడతామంటే ఒప్పుకోలేదు. చివరికి సెయింట్ లారెన్స్ పేరు మీద, 1813 నాటి సాన్ లొరెన్సో యుద్ధం పేరు మీద అని సర్దిచెప్పుకుని పెట్టారు. ఫాదర్ నల్ల అంగీ వల్లే ఈ క్లబ్ వాళ్లను ఇప్పటికీ కాకులు అంటారు. తిట్టుగా మొదలైంది, ఇప్పుడు వాళ్లే గర్వంగా చెప్పుకుంటారు.

ఫతేమైదాన్ పోరడు | రాత్రి 10:35

ట్రామ్ కింద పడబోయిన పిల్లగాడి తోటి మొదలైన క్లబ్! మస్తుంది.

అన్నా, సైనిక ప్రభుత్వం స్థలం ఎట్ల గుంజుకున్నది? తుపాకి పెట్టిండ్రా, కాయితాల మీదనే పని కానిచ్చిండ్రా?

గడ్డిమైదానం | రాత్రి 10:58

కాగితాల మీదే. 1976లో సైన్యం అధికారంలోకి వచ్చాక బ్యూనస్ ఐరిస్ మేయర్‌గా వైమానిక దళం బ్రిగేడియర్ ఒస్వాల్దో కచ్చియాతోరేని కూర్చోబెట్టారు. ఎక్స్‌ప్రెస్ హైవేల కోసం పేటలకు పేటలు కూల్చిన మనిషి. స్టేడియం స్థలం మధ్యలోంచి వీధులు తీస్తాం, ఇళ్లు కడతాం అన్నారు. అప్పుల్లో ఉన్న క్లబ్‌కు ఆ మాట చాలు. అమ్మేశారు. వీధులు రాలేదు, ఇళ్లూ రాలేదు. తర్వాత నిబంధనలు సడలాయి, వ్యాపారం వచ్చింది.

మాస్టారు "మోసపోయారు" అని ఒక్కమాటలో దాటేశారు గానీ నాకు అసలు విషయం అక్కడే ఉందనిపిస్తుంది. అడగడానికి కోర్టు లేదు, రాయడానికి పత్రిక లేదు, ఊరేగింపు తీస్తే మనిషే మాయమయ్యే రోజులవి. అలాంటప్పుడు జరిగిన అమ్మకాన్ని మామూలు అమ్మకంగా చూడొద్దు అన్నదే అభిమానుల వాదన. 2012లో వచ్చిన చట్టం పేరులోనే "చారిత్రక పునరుద్ధరణ" అని ఉంది. మార్చి 8న లక్ష మందికి పైగా ప్లాసా దె మాయో అనే నగర కూడలిలో చేరారు. సైనిక ప్రభుత్వం మాయం చేసిన పిల్లల కోసం తల్లులు తిరిగిన చోటే అది. నవంబర్ 15న శాసనసభ ఏకగ్రీవంగా ఆమోదించింది.

అర్ధరాత్రి రిమోట్ | రాత్రి 11:15

చట్టం, చరిత్ర సరే. ఆట గురించి ఎవరూ మాట్లాడరేంటి 😀

1946 జట్టు! ఫార్రో, పొంతోనీ, మార్తినో. ముగ్గుర్నీ కలిపి బంగారు త్రయం అనేవారు. ఆ ఏడాది టైటిల్ గెలిచి స్పెయిన్, పోర్చుగల్ పర్యటనకు వెళ్లి స్పెయిన్ జాతీయ జట్టుకే 7-5, 6-1 చూపించి వచ్చారు. ఒక క్లబ్, ఒక దేశాన్ని!

1968లో ఒక్క ఓటమి లేకుండా మెత్రోపొలితానో టోర్నీ గెలిచారు, ఆ జట్టుకు మతదోరెస్ (ఎద్దులతో పోరాడే వీరులు) అని పేరు. 1972లో ఆ ఏడాది ఉన్న రెండు టోర్నీలూ, మెత్రోపొలితానో, నాసియొనాల్, రెండూ వాళ్లవే. అంతకుముందు 1939లో స్పెయిన్ అంతర్యుద్ధం వల్ల దేశం వదిలి తిరుగుతున్న బాస్క్ ఆటగాడు ఇసిద్రో లాంగారా వచ్చాడు, మొదటి మ్యాచ్‌లోనే రివర్ మీద నాలుగు గోల్స్ కొట్టాడు. మ్యాచ్ 4-2. అన్నీ అతనివే.

కడపకుర్రోడు | రాత్రి 11:21

నాలుగుకి నాలుగు ఒకడే. ఇంగ మిగతా పదిమంది ఏం జేసినారో 😂

అర్ధరాత్రి రిమోట్ | రాత్రి 11:24

చప్పట్లు కొట్టినారు.

దక్షిణార్ధం | రాత్రి 11:50

గెలిచిన ఏళ్లు చెప్పారు, ఓడిన ఏళ్లు నేను చెబుతాను. ఇక్కడివాళ్లు ఎక్కువ చెప్పుకునేది వాటినే.

స్టేడియం పోయిన రెండేళ్లకు, 1981 ఆగస్టు 15న, ఫెర్రో క్లబ్ మైదానంలో అర్జెంటీనోస్ జూనియర్స్‌తో ఆఖరి మ్యాచ్. డ్రా చేసుకుంటే చాలు, మొదటి డివిజన్‌లో ఉంటారు. మొదట్లోనే పెనాల్టీ దొరికింది, పోగొట్టుకున్నారు. అవతలివాళ్లకు పెనాల్టీ దొరికింది, వాళ్లు కొట్టారు. 0-1. అర్జెంటీనా ఐదు పెద్ద క్లబ్బుల్లో కింది డివిజన్‌కు పడిపోయిన మొదటిది ఇదే.

మరుసటి ఏడాది రెండో డివిజన్‌లో ఏం జరిగిందో చూడండి. ఇల్లు లేని జట్టు, అద్దె మైదానాలు. ఒక వారం ఒకరిది, మరో వారం ఇంకొకరిది. చిన్న మైదానాలు చాలక రివర్ వాళ్ల మోనుమెంతాల్ అద్దెకు తీసుకుని నింపారు. ఆ 1982లో మొదటి డివిజన్ జట్ల కంటే వీళ్లకే ఎక్కువ టికెట్లు తెగాయని ఇక్కడ ముసలివాళ్లు చెప్పుకుని మురిసిపోతారు. అదే ఏడాది పైకి వచ్చేశారు.

ఆ తర్వాత 80ల నడుమ వచ్చిన జట్టును కాంబోడియన్లు అనేవారు. జీతాలు సరిగా రావు, సదుపాయాలు లేవు, స్నానానికి నీళ్లు కూడా ఉండేవి కావట. అయినా గెలిచేవారు. 1995లో కోచ్ బాంబినో వెయిరా టైటిల్ గెలిపించాడు. ఆఖరి రోజు రొసారియోలో 1-0. ఇరవయ్యొక్క ఏళ్ల ఎదురుచూపు.

ఫతేమైదాన్ పోరడు | రాత్రి 12:08

గిది సదువుతుంటే మన సంగతి యాదికొస్తున్నది.

హైదరాబాద్ ఎఫ్‌సీ. 2022 మార్చి 20న గోవల ఐఎస్ఎల్ ఫైనల్, కేరళ మీద పెనాల్టీలల్ల గెలిచినం. మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపిండు. ఆ రాత్రి మా గల్లీల పటాకులు కాల్చినం. తర్వాత ఏమైంది? మెల్లమెల్లగ ఆటగాళ్లు పోయిండ్రు, జీతాల లొల్లి, 2025ల క్లబ్బే ఢిల్లీకి పోయింది, పేరు మారింది. గచ్చిబౌలి స్టేడియం గట్లనే ఉన్నది. టీమే లేదు.

వాళ్లకు టీం ఉండి మైదానం పోయింది. మనకు మైదానం ఉండి టీం పోయింది. ఒక్కడు ధర్నా జేసిండా? నేను జెయ్యలే, మీరు జెయ్యలే.

లెక్కలమాస్టారు | రాత్రి 12:19

ఇక్కడ ఒకటి గుర్తుంచుకోవాలి. ఆ క్లబ్ హైదరాబాద్‌కు వచ్చిందే పుణె సిటీ మూతపడ్డాక, 2019లో. లీగ్‌లో పుణెవాళ్ల స్లాటు మనకు, మన స్లాటు ఢిల్లీకి. ఫ్రాంచైజీ అంటే అంతే, కొన్నవాడి వెంట పోతుంది. ధర్నా ఎవరి ముందు చేస్తారు?

గడ్డిమైదానం | రాత్రి 12:31

మాస్టారూ, మీకు తెలియకుండానే నా వైపు వాదించారు 🙂

సాన్ లొరెన్సోకి యజమాని లేడు. అది సభ్యుల సంఘం. నెల నెలా చందా కట్టే సభ్యులు ఓటేసి అధ్యక్షుణ్ని ఎన్నుకుంటారు. అక్కడ ఫుట్‌బాల్ ఒక్కటే కాదు, బాస్కెట్‌బాల్, హాకీ, ఈత, పిల్లల బడి, అన్నీ క్లబ్ కిందే. అందుకే "మాది" అనగలిగారు, కోర్టుకీ శాసనసభకీ వెళ్లగలిగారు. స్థలం కొనడానికి కూడా అభిమానులు చదరపు మీటరు లెక్కన డబ్బు కట్టారు. ఒకడు ఒక మీటరు, నలుగురు స్నేహితులు కలిసి ఇంకో మీటరు. ఈ పని ఫ్రాంచైజీ అభిమాని చేయాలన్నా చేయలేడు, కట్టించుకోడానికి అవతల ఎవరూ ఉండరు.

ఇంకో ఉదాహరణ. 2000లో క్లబ్ పెద్దలు ఐఎస్ఎల్ అనే స్విస్ మార్కెటింగ్ కంపెనీకి వ్యాపార హక్కులు అప్పగించబోయారు (మన ఐఎస్ఎల్ లీగ్ కాదు, కంగారుపడకండి). నవంబర్ 30న ఆ ఓటింగ్ జరగాల్సిన రోజున అభిమానులు క్లబ్ ఆఫీసును చుట్టుముట్టి ఆపించారు. 2001లో ఆ కంపెనీ దివాలా తీసింది. సంతకం పెట్టి ఉంటే క్లబ్ పరిస్థితి ఏమయ్యేదో!

లెక్కలమాస్టారు | రాత్రి 12:45

సభ్యుల సంఘం అయితే స్వర్గం అనుకోకండి. ఎన్నికయ్యే అధ్యక్షుడు ఓట్ల కోసం ఆటగాళ్లను కొంటాడు, అప్పు తర్వాతివాడి నెత్తిన పడుతుంది. ఇప్పుడు సాన్ లొరెన్సో జీతాలకే వెతుక్కుంటోంది. స్థలం అమ్మిన అప్పటి క్లబ్ కూడా సభ్యుల సంఘమే మరి! అప్పులు చేసింది కూడా ఎన్నికైనవాళ్లే కదా.

దక్షిణార్ధం | రాత్రి 1:02

మాస్టారి మాటలో బలముంది. ఇక్కడ ఇప్పుడు నడుస్తున్న పెద్ద గొడవ అదే. 2023 డిసెంబర్‌లో దేశ అధ్యక్షుడు మిలెయ్ తెచ్చిన డిక్రీ క్లబ్బులు కంపెనీలుగా మారడానికి దారి తీసింది, ఫుట్‌బాల్ సమాఖ్య ఒప్పుకోనంటోంది. ప్రైవేటు కావాలి అనేవాళ్లు మాస్టారు చెప్పిందే చెబుతారు. వద్దనేవాళ్లు రాసింగ్ క్లబ్‌ని చూపిస్తారు. రాసింగ్ దివాలా తీస్తే ఒక కంపెనీ తీసుకుంది, 2001లో టైటిల్ కూడా వచ్చింది, 2008కల్లా ఆ కంపెనీయే కుప్పకూలింది, క్లబ్ మళ్లీ సభ్యుల చేతికి వచ్చింది. రెండు పక్కలా దెబ్బలు తిన్నవాళ్లే.

నేను చూసినంతలో సభ్యుల సంఘంలో తప్పు జరిగితే తిట్టడానికి ఒక సర్వసభ్య సమావేశం ఉంటుంది. తెల్లవారుజాము దాకా తిట్టుకుంటారు. కంపెనీలో ఆ అవకాశం ఉండదు. నా వరకు ఈ తేడా చాలు.

మహిళల జట్టు గురించి ఎవరూ అనలేదు కాబట్టి: 2019 ఏప్రిల్‌లో 15 మంది క్రీడాకారిణులతో ప్రొఫెషనల్ కాంట్రాక్టులు చేసుకున్నది ఈ క్లబ్బే, అర్జెంటీనాలో మొదటిది.

అర్ధరాత్రి రిమోట్ | రాత్రి 1:10

పోప్ లేకుండానే థ్రెడ్ ఇంత దూరం వచ్చిందంటే గొప్పే. ఇక ఆపుకోలేను.

పోప్ ఫ్రాన్సిస్ సాన్ లొరెన్సో సభ్యుడు. చిన్నప్పుడు ఆ 1946 జట్టును చూసి పెరిగాడు, పొంతోనీ అంటే ప్రాణం. సభ్యత్వ సంఖ్య 88235. 2025 ఏప్రిల్ 21న పోయాడు, వయసు 88, బ్యూనస్ ఐరిస్ టైం ప్రకారం తెల్లవారుజాము 2:35. ఇప్పుడు సంఖ్య మళ్లీ చదవండి.

కడపకుర్రోడు | రాత్రి 1:13

ఒళ్లు జలదరించింది సామీ.

లెక్కలమాస్టారు | రాత్రి 1:16

రోమ్ టైం ప్రకారం 7:35. ఏ టైం కలిస్తే ఆ టైం తీసుకున్నారు. ఆయన చనిపోయింది రోమ్‌లో.

అర్ధరాత్రి రిమోట్ | రాత్రి 1:18

మాస్టారూ, మీరు పెళ్లి ముహూర్తాల దగ్గర కూడా ఇలాగే చేస్తారా 😂

గడ్డిమైదానం | రాత్రి 1:30

పోప్ గారి సంగతుల్లో నాకు నచ్చింది వేరే. 1990లో టీవీ చూడనని మొక్కుకున్నాడు, మళ్లీ చూడలేదు. సాన్ లొరెన్సో ఫలితాలు మాత్రం ఒక స్విస్ గార్డు కాగితం మీద రాసి ఆయన బల్ల మీద పెట్టేవాడట. 2014 లిబర్తదోరెస్ (దక్షిణ అమెరికా క్లబ్బుల పెద్ద కప్పు) ఫైనల్ కూడా ఆ లెక్కన ఆయన చూడనట్టే.

ఆ కప్పు మామూలుది కాదు. అప్పటిదాకా ఐదు పెద్ద క్లబ్బుల్లో లిబర్తదోరెస్ లేనిది వీళ్లకే. క్లబ్ పొట్టిపేరు కాస్లా అయితే, దాన్ని విడదీసి "లిబర్తదోరెస్ లేని క్లబ్" అని ఎగతాళి చేసేవారు. ఆ ఏడాది గ్రూపులోంచి ఆఖరి రోజు బొతఫోగో మీద 3-0 గెలిచి గట్టెక్కారు. సెమీస్‌లో బొలీవర్‌ని 5-0. ఫైనల్లో పరాగ్వే నాసియొనాల్‌తో అక్కడ 1-1, చివరి నిమిషాల్లో గోల్ ఇచ్చుకున్నారు. ఆగస్టు 13న సొంత మైదానంలో ఒర్తిగోసా పెనాల్టీ, 1-0. కోచ్ ఎద్గార్దో బావుసా. వారం తిరిగేసరికి కప్పు పట్టుకుని వాటికన్ వెళ్లారు. ఇప్పుడు బొయెదోలో కట్టబోయే స్టేడియానికి పోప్ ఫ్రాన్సిస్ పేరే పెడతామని క్లబ్ ప్రకటించింది.

ఫతేమైదాన్ పోరడు | రాత్రి 1:41

కట్టబోయే, కట్టబోయే... ఎప్పుడన్నా కడ్తరా?

దక్షిణార్ధం | రాత్రి 1:55

ఇక్కడెవరినైనా అడిగితే "మనవడు చూస్తాడు" అంటారు, కొంచెం నవ్వుతూ. ఒప్పందం ప్రకారం ఆ స్థలంలో ఒక పక్కన చిన్న కారెఫూర్ ఉంది. మిగతా చోట పిల్లలు, సభ్యులు ఆడుకుంటున్నారు. నేను వెళ్లిన శనివారం ఎవరో తాత పదేళ్ల పిల్లలతో పాస్ సరిగా ఇవ్వలేదని గొడవపడుతున్నాడు.

డబ్బు విషయంలో మాస్టారితో నేను పూర్తిగా విభేదించను. స్టేడియం కట్టడానికి కావాల్సినంత డబ్బు ఇప్పుడు క్లబ్ దగ్గర లేదు, ద్రవ్యోల్బణం ఉన్న దేశంలో వేసిన అంచనా ఆరు నెలలు కూడా నిలబడదు. అయితే స్థలం కొనకుండా ఆగి ఉంటే ఆ డబ్బు అకాడమీకి వెళ్లేదనుకోవడం పొరపాటు. అది క్లబ్ ఖజానా డబ్బు కాదు కదా, మీటరు లెక్కన జనం తెచ్చి ఇచ్చింది. బొయెదో కాకపోతే ఆ డబ్బు వచ్చేదే కాదు.

లెక్కలమాస్టారు | రాత్రి 2:04

ఇది కొత్త పాయింట్. స్థలం కొనడానికి పెట్టిన ట్రస్టుకు వచ్చిన మొత్తంలో అభిమానుల వాటా ఎంత, క్లబ్ వాటా ఎంత అనేది విడిగా చూడాలి. ఆ పత్రాలు స్పానిష్‌లో ఉన్నా పంపండి, అనువాదం పెట్టుకుని చదువుతాను. అప్పటిదాకా నా ఓటు పెండింగ్.

కడపకుర్రోడు | రాత్రి 2:06

మాస్టారి ఓటు పెండింగ్‌లోకి వచ్చిందంటే మనం గెలిచినట్టే.

ఉరకాన్‌తో డెర్బీ ఎప్పుడు? మన టైం ఎంత? లింకు ఎవరన్నా పెట్టండప్పా.

అర్ధరాత్రి రిమోట్ | రాత్రి 2:09

అక్కడికి మనం ఎనిమిదిన్నర గంటలు ముందు. వాళ్ల సాయంత్రం ఏడంటే మనకు తెల్లవారుజాము మూడున్నర. ఉరకాన్ వాళ్లు పక్క పేట, పార్కె పత్రీసియోస్. సూపర్ మార్కెట్ జోకులు ఎక్కువ వేసింది వాళ్లే, కాబట్టి నిద్ర మానుకున్నా పరవాలేదు.

నిర్వాహకుడు | ఉదయం 6:20

దొంగ లింకులు వద్దు, రెండు వ్యాఖ్యలు తీసేశాను. హైదరాబాద్ ఎఫ్‌సీ గురించి రాత్రంతా ఇంకో పాతిక మంది రాశారు, వాటిని విడిగా "భారత ఫుట్‌బాల్" విభాగంలోకి మార్చాను. ఇక్కడ సాన్ లొరెన్సో గురించే కొనసాగించండి.

ఫతేమైదాన్ పోరడు | ఉదయం 8:02

మమ్మల్ని గీడికెళ్లి కూడ తరలించిండ్రా సార్ 😂